నబోర్ కాలు పడే చోటు

పదకొండో వారం

వదిలిన చోటు గుర్తుందిగా. ఉరువాపన్ నాటకశాల, శుక్రవారం పొద్దున. రేపు సాయంత్రం కచేరీ. వేదిక మీద ఆ ఊరి ఆర్కెస్ట్రా, వాళ్ళ ముందు ఎల్ సిరియాన్ పల్లె నుంచి ఘాట్ ఎక్కి వచ్చిన నాట్యబృందం. మిగతా పాటలన్నీ కుదురుకున్నాయి. కొంగ పాట ఒక్కటే మొండికేసింది. మడమలతో తొక్కుతూ ఆడే చెక్కబల్ల మీద చుట్టు తిరిగి ఎత్తిన కాలు దించే చోట ప్రతిసారీ ఆర్కెస్ట్రా వయొలిన్లు ముందుకు పోతున్నాయి, పల్లెవాళ్ళ హార్ప్ వెనకబడుతోంది, పాట పూసలదండ తెగినట్టు చెల్లాచెదురవుతోంది. "మీరు ఆలస్యంగా వస్తున్నారు" అన్నాడు ఆర్కెస్ట్రాని నడిపించే ఎవెరార్దో. "మీరే పరిగెడుతున్నారు" అన్నాడు హార్ప్ వాయించే కాస్తులో. రేపటికి కుదరకపోతే ఆ పాటలో నాట్యం తీసేసి ఆర్కెస్ట్రా ఒక్కటే వాయిస్తుందని ఎవెరార్దో తేల్చేశాడు. అప్పుడు బల్ల మీద ఒక్కతే నిలబడి ఉన్న ఒతీలియా, "ఎందుకు కుదరట్లేదో నాకు తెలుసు" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

అన్ని ముఖాలు ఒకేసారి తన వైపు తిరుగుతాయని ఒతీలియా అనుకోలేదు. వయొలిన్ కమాన్లు మోకాళ్ళ మీదికి దిగాయి. వెనక వరసలో ఎవరో బాకా నోటి నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఇంట్లో వాళ్ళకే చెప్పనిది, పేరు కూడా తెలియని ఇంతమంది ముందు ఎలా చెప్పడం?

"ఇక్కడ కాదు మాస్ట్రో," అంది. "కాస్త టైమివ్వండి. మావాళ్ళతో మాట్లాడుకుని వస్తా."

ఎవెరార్దో ముక్కు మీద జారిన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోలేని మనిషి. "కాఫీ తాగి రండి" అన్నాడు అందరితో. కుర్చీలు కదిలాయి. పెద్ద డోళ్ళు వాయించే బ్రీహిదా అనే ఆవిడ పక్కగా వెళ్తూ తన ఉన్ని శాలువా బల్ల అంచున పెట్టింది. "పెరట్లో చలెక్కువ" అని మాత్రం అంది. తీసుకుంటుందా లేదా అని వెనక్కి చూడలేదు కూడా. ఒతీలియా శాలువా తీసి కప్పుకుంది. ఇంకా ఆవిడ ఒంటి వెచ్చదనం ఉంది అందులో. ఎవరి ఒంటి వెచ్చదనమైనా తన భుజాల మీదికి వచ్చి ఏడాది దాటింది.

నాటకశాల వెనక పెరట్లో సన్నగా వాన పడుతోంది. పాత తెరలకు రంగులు వేసే రేకుల చూరు ఒకటుంది. కాస్తులో హార్ప్‌ని చంటిపిల్లని మోసినట్టు మోసుకొచ్చి ఆ చూరు కింద దింపాడు. వెనకే తిబుర్సియో. వాళ్ళ హార్ప్ ఇద్దరి వాయిద్యం. కాస్తులో తీగలు మీటుతాడు, తిబుర్సియో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని డొక్క మీద అరచేతులతో దరువేస్తాడు.

"ఈ చలిలో మనుషులెట్టా బతుకుతున్నారో," అన్నాడు తిబుర్సియో చేతులు రుద్దుకుంటూ. "మనూళ్ళో ఈపాటికి పందులు కూడా నీడ చూసుకునుంటయ్."

"పందుల సంగతి నీకే బాగా తెలుసులే," అన్నాడు కాస్తులో.

"తెలవకేం, నీ పక్కనేగా రోజూ కూర్చునేది." తిబుర్సియో ఒతీలియా వైపు తిరిగాడు. "అక్కా, నాకొకటి అర్థం కాలా. మన గొడ్లు నాలుగుంటే నాలుగూ ఒక్కసారి నీళ్ళు తాగవు. ఈ మహానుభావులు అంతమంది ఒక్కసారి ఊపిరి ఎట్టా పీలుస్తారు? రాత్రుళ్ళు గురక కూడా కలిసే పెడతారా?"

ఒతీలియా నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేది. బస ఇచ్చిన ఇంట్లో పొద్దున్నే పొయ్యి అడిగి వండుకొచ్చిన మోరిస్కేతా మూట చూరు కింద గోడ మీద పెట్టింది. గుడ్డలో కట్టి ఉడికించిన అన్నం, దాని మీద చిక్కుడుగింజలు, టమాటా పులుసు. కాస్తులో చెయ్యి అటు పోబోయింది.

"తర్వాత తిందువు. ముందు వాయించు."

"ఇక్కడా?"

"కొంగ పాట. చుట్టు దగ్గర్నుంచి."

"నువ్వు ఆడవా?"

"ఆడను. వింటా."

కాస్తులో భుజాలెగరేసి హార్ప్ మీదికి వంగాడు. తిబుర్సియో కింద తడి చూసుకుని, గోనెసంచి ఒకటి లాక్కుని, దాని మీద మోకాళ్ళు ఆనించాడు. పాట మొదలైంది. రేకుల కింద ఆ చప్పుడు గుండ్రంగా తిరిగింది. ఎల్ సిరియాన్‌లో నిమ్మతోటల మధ్య ఆరుబయట వాయిస్తే గాలికి పోయే మంద్ర స్వరాలు ఇక్కడ గోడకి కొట్టుకుని మళ్ళీ వచ్చాయి. చుట్టు దగ్గరపడింది. తీగలు మెట్లు ఎక్కినట్టు పైకెక్కాయి. అక్కడ, గుమ్మం దగ్గర ఎదుటి మనిషిని ముందు పోనిచ్చి మనం వెనక నడిచినట్టు, కాస్తంత ఆగి ముందుకు సాగాయి.

"ఎందుకాగావు?" అంది ఒతీలియా.

"ఎక్కడాగా?"

"మళ్ళీ వాయించు."

మళ్ళీ వాయించాడు. మళ్ళీ అక్కడే.

"ఇదిగో ఇక్కడ."

"నేనాగలేదొదినా. పాటే అట్టుంది. మా నాయన నాటి నించీ ఇంతేగా."

"మీ నాయన వాయించింది నేను వినలేదా? నా పెళ్ళికి వాయించింది ఆయనేగా. అప్పుడు అట్టా లేదు."

"నీ పెళ్ళికి నువ్వు పాట విన్నావా, మా అన్నని చూశావా?" అన్నాడు కాస్తులో, తిబుర్సియో వంక చూసి కన్ను గీటుతూ.

"ఇంకోసారి" అంది ఒతీలియా.

ఈసారి ఆమె తీగల వైపు చూడలేదు. తిబుర్సియో చేతులనే చూసింది. పొట్టి వేళ్ళు, నిమ్మముళ్ళు గీరిన మచ్చలు. దరువు నడుస్తోంది. చుట్టు వచ్చింది. కుడి అరచెయ్యి పైకి లేచింది. డొక్క మీద పడాల్సిన వేళకి పడలేదు. ఒతీలియా చటుక్కున వంగి ఆ మణికట్టుని గాల్లోనే పట్టుకుంది.

"ఇది," అంది. "ఈ చెయ్యి ఎవరికోసం ఆగింది తిబుర్సియో?"

తిబుర్సియో నోరు తెరిచాడు. ఏ మాటకైనా ఎదురుమాట సిద్ధంగా ఉండే నోరు. ఆమె పట్టులో ఉన్న తన చేతిని, పక్కింటివాళ్ళ వస్తువు పొరపాటున ఇంట్లో కనపడితే చూసినట్టు చూసుకున్నాడు.

"కొంపదీసి..." అని ఆగాడు. "కొంపదీసి నబోర్ కోసమా?"

ఎడమచేత్తో సిలువ వేసుకోబోయి, అది తప్పని తోచి, ఆ చెయ్యి కూడా దించేశాడు.

కాస్తులో వేళ్ళు తీగల మీద అలాగే ఉన్నాయి.

ఒతీలియా భర్త నబోర్ మోకాలి సంగతి పాత పాఠకులకు తెలుసు. నిమ్మకాయల పెట్టెలు లారీ మీద నుంచి జారి అతని ఎడమ మోకాలి మీద పడ్డాయి. డాక్టరు వద్దన్నా కట్టు విప్పకముందే బల్లెక్కాడు. ఆ తర్వాత ఎప్పుడూ చుట్టు తిరిగేచోట ఆ కాలు కాస్త ఆలస్యంగా దిగేది. "నా కాలికి తొందర్లేదు, దొరబిడ్డ" అని నవ్వేవాడు నబోర్. హార్ప్ వాయించే తమ్ముడు, దరువేసే తిబుర్సియో, పల్లె బృందంలో వయొలిన్ల కుర్రాళ్ళు ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఆ కాలి కోసం ఆగడం మొదలుపెట్టారు. తలుపు బిగుసుకునే ఇంట్లో మనిషికి రోజూ దాన్ని భుజంతో నెట్టడం అలవాటై, నెడుతున్నానన్న ఎరుక కూడా పోతుంది చూడండి, అలా. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పాటే అంత అనుకుని నేర్చుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అది ఎల్ సిరియాన్ బాణీ అనుకున్నారు. నబోర్ పోయి ఏడాదైంది. కాలు లేదు. ఆగడం మాత్రం ఉండిపోయింది. తాము ఆగుతున్నామని ఆగేవాళ్ళకే తెలియదు. తెలిసింది ఒక్క ఒతీలియాకి. వాళ్ళు ఆగినంతసేపూ కాలెత్తి నిలబడేది ఆమే కాబట్టి.

కాస్తులో ఏడుస్తాడని ఆమె అనుకుంది. లేదా ఒప్పుకోక దబాయిస్తాడనుకుంది. రెంటికీ సిద్ధపడే వచ్చింది. కానీ కాస్తులో ముఖం మెల్లగా విచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె సిద్ధంగా లేదు.

"అయితే ఇక్కడున్నాడా," అన్నాడు తన వేళ్ళ వైపు చూసుకుంటూ. "ఏడాది నించీ వెతుకుతున్నానొదినా. సమాధి కాడికి పోతే రాయే కనపడుద్ది. కల్లోకి రమ్మని మొక్కుకున్నా, రాలా. ఇక్కడ కూర్చున్నాడా దొంగ!"

"కాస్తులో..."

"విన్నావా తిబుర్సియో? నీ చేతిలో సగం, నా చేతిలో సగం."

"కాస్తులో, నా మాట విను. అది తీసెయ్యాలి."

"ఏది?"

"ఆగడం. మాస్ట్రో చెప్పినట్టు నేరుగా పోదాం. రేపు ఎవరికోసమూ ఆగొద్దు."

కాస్తులో నవ్వు అలాగే ఉంది కానీ అందులోంచి వెలుతురు పోయింది. "ఇప్పుడే చూపిచ్చి ఇప్పుడే తియ్యమంటావా?"

"తియ్యడానికే చూపిచ్చా."

"వాడికి మొదటి పిడికెడు మన్ను వేసింది నువ్వు. రెండోసారి నా చేత వేయిస్తావా?"

"నోరు జాగ్రత్త రోయ్," అన్నాడు తిబుర్సియో. ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"లేదు, అననీ," అంది ఒతీలియా. శాలువా గట్టిగా చుట్టుకుంది. "ఏడాది నించీ నేనూ అనకుండా ఉన్నా. ఇవాళ ఇద్దరం అనుకుందాం. నువ్వు కూర్చుని ఆగుతావు. తిబుర్సియో మోకాళ్ళ మీద ఆగుతాడు. నేను ఒంటికాలి మీద ఆగుతా. ఎదురుగా సగం బల్ల ఖాళీ. మీరందరూ కాస్త జరిగి చోటిస్తారు, నేను కాలెత్తి ఆయన కోసం చూస్తా. రారు. మళ్ళీ చుట్టు. మళ్ళీ చోటిస్తారు. మళ్ళీ చూస్తా. పెళ్ళిళ్ళల్లో ఇంతే, పండగల్లో ఇంతే, మొన్న ఊళ్ళో ఒక పాపకి పేరు పెట్టిన రోజున కూడా ఇంతే. ఒక్కో పాటకి నేను ఎన్నిసార్లు విధవనవ్వాలి కాస్తులో?"

కాస్తులో తల దించుకున్నాడు.

"చచ్చిపోయినోళ్ళకి ఏడాదికో రోజుంది," అంది ఆమె, కాస్త మెత్తగా. "నవంబర్లో పూలు పరిచి, కంచం పెట్టి పిలుస్తాం. వచ్చి, తిని, పోతారు. మీరు పాటపాటకీ కంచం పెడతన్నారు. పెట్టేసి ఇళ్ళకు పోతారు. ఆ ఎంగిలిపడని కంచం ఎత్తేది నేను."

"బరువనిపిస్తే నువ్వు పక్కనుండొదినా." గొంతు తగ్గించే అన్నాడు కానీ మాట పదునుగానే ఉంది. "ఈ ఒక్క పాటా వేరేవాళ్ళు ఆడతారు. నేను మాత్రం వాడిని దాటుకుని పోను. నా వల్ల కాదు."

"నేనిక్కడికి ఎందుకొచ్చానో తెలుసా?"

అతను తలెత్తి చూశాడు.

"ఈ ఊళ్ళో మీ అన్నని చూసినోళ్ళు ఒక్కరు లేరు. ఈ ఆర్కెస్ట్రావాళ్ళకి నేనెవరో తెలవదు, ఆయనెవరో తెలవదు. నా ఎదర ఖాళీని చూసి అయ్యో అనుకునేవాళ్ళు ఉండరనుకున్నా. ఒక్కసారి కాస్తులో. మొదట్నించీ చివరిదాకా, ఎక్కడా ఆగకుండా, ఒక్కసారి ఆ పాట ఆడి చూడాలని వచ్చా. ఆయన్ని మర్చిపోడానికి కాదు. నా కాళ్ళు ఇంకా నావేనా అని చూసుకోడానికి."

కాస్తులో ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి. ఆ మాట ఏమై ఉండేదో మనకు తెలియదు. అదే సమయానికి పెరటి తలుపు మోచేత్తో తోసుకుంటూ, రెండు చేతుల్లో నాలుగు కాఫీ కప్పులు ఎలాగో ఇరికించుకుని ఎవెరార్దో వచ్చాడు. వానకి కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"పట్టుకోండి, పట్టుకోండి, కాలుతున్నాయి" అన్నాడు.

తిబుర్సియో లేచి రెండు అందుకున్నాడు. ఒతీలియా ఒకటి తీసుకుంది. మట్టికప్పు, దాల్చినచెక్క వాసన. ఎవరో చక్కెరకు బదులు బెల్లం వేసి కాచారు, కింది ఊళ్ళలో వేసినట్టే. ఎవరికి గుర్తుందో అడగాలనిపించింది ఆమెకి.

"నేను మీకు క్షమాపణ చెప్పాలి," అన్నాడు ఎవెరార్దో అద్దాలు తుడుచుకుంటూ. "మిమ్మల్ని పిలవడానికని ఇందాక తలుపు దాకా వచ్చాను. ఈయన చెయ్యి పట్టుకున్నారే, అప్పుడు. నబోర్ అన్న పేరు విని వెనక్కి వెళ్ళిపోయాను. ఎవరాయన అని వయొలిన్ వాయించే మీ బృందం కుర్రాళ్ళని అడిగితే అంతా చెప్పారు. మోకాలి సంగతీ, అన్నీ." గొంతు సవరించుకున్నాడు. "మూడు రోజులుగా మీకు తాళం రాదనుకున్నాను, ఒతీలియాగారూ. సిగ్గుగా ఉంది."

"అయ్యో, మీకేం తెలుసు మాస్ట్రో."

"అందుకే మావాళ్ళకి చెప్పాను. అందరూ పెన్సిల్‌తో రాసుకున్నారు."

"ఏం రాసుకున్నారు?"

"ఆగమని." ఎవెరార్దో ముఖం పిల్లాడి ముఖంలా వెలిగింది. "ఇంక మీరు మా వెంట పరిగెత్తక్కర్లేదు. మేమే ఆగుతాం. ఆర్కెస్ట్రా మొత్తం. ఆ చుట్టు దగ్గర ఒక్క కమాను కదలదు. రేపు నాటకశాల నిండా జనం ఉంటారు, వాళ్ళు కూడా మీ ఆయన కోసం ఆగుతారు."

కాస్తులో హార్ప్ గోడకి ఆనించి ఎవెరార్దోని కావిలించుకున్నాడు. కప్పులోంచి కాఫీ ఒలికి ఎవెరార్దో చొక్కా మీద పడింది. ఆయన పట్టించుకోలేదు. "ఇంక నాట్యం తీసెయ్యడం అన్న మాటే లేదు" అంటూ కాస్తులో వీపు తట్టాడు.

తిబుర్సియో ఒక్కడే ఒతీలియా వైపు చూశాడు. చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"మాస్ట్రో," అంది ఆమె. "నేను..."

ఆయన ఆమె వైపు తిరిగాడు. చొక్కా మీద కాఫీ మరక, కళ్ళలో ఇంకా ఆరని తడి. ఒక మనిషి మరో మనిషికి ఇవ్వగలిగినంతా ఇచ్చానని నమ్ముతున్న ముఖం అది. ఆ ముఖం మీద వద్దు అనే మాట ఎలా పెట్టాలో ఒతీలియాకి తెలియలేదు. చెయ్యి కాలుతున్నా కప్పుని అలాగే పట్టుకుంది.

"కాఫీ బాగుంది" అంది.

వేదిక మీదికి తిరిగి వచ్చేసరికే తేడా తెలిసిపోయింది. ఇందాకటిదాకా ఆర్కెస్ట్రావాళ్ళు ఆమెను చూసే చూపు వేరు. వచ్చావా, సరే, కానిద్దాం అన్నట్టు, తోటి పనివాళ్ళు చూసుకున్నట్టు చూసేవాళ్ళు. మొదటి రోజు బల్ల ఎక్కుతుంటే చెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే ఒకతను కుర్చీ జరపకుండా దారికి అడ్డంగా కూర్చున్నాడు. దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు ఆమెకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఏడాదిగా ఊళ్ళో ఎక్కడికెళ్ళినా జనం లేచి దారివ్వడమే. ఇప్పుడు అదే అతను లేచి నిలబడి, కుర్చీ బాగా వెనక్కి లాగి, తల వంచాడు.

బల్లెక్కింది. వయొలిన్ల వైపు నుంచి చూపులు ఆమె మీదికి వచ్చి, అక్కడి నుంచి పక్కకి, ఖాళీగా ఉన్న సగం మీదికి జారాయి. అందరూ చూస్తున్నారు దాన్ని. ఘాట్ రోడ్డంతా ఎక్కి, వాంతులు చేసుకుంటూ వచ్చింది ఆ చూపు నుంచి తప్పించుకోవడానికే.

శాలువా మడిచి బ్రీహిదాకి ఇద్దామని అటు చూసింది. బ్రీహిదా తల అడ్డంగా ఊపింది. ఆవిడ ముందు స్టాండ్ మీద కాగితం ఉంది, చెవి వెనక పెన్సిల్ ఉంది. కానీ పెన్సిల్ ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టుంది, ఆగమని రాసుకున్నట్టు లేదు. ఒతీలియా శాలువా బల్ల అంచున పెట్టి లంగా కుచ్చిళ్ళు పట్టుకుంది. నీలం లంగా. ఏడాది ప్రార్థన అయ్యాక నల్లబట్టలు పెట్టెలో పెట్టి కట్టుకున్న మొదటి రంగు.

ఎవెరార్దో చెయ్యి దించాడు. కొంగ పాట మొదలైంది.

ఎంత బాగా కుదిరిందో! హార్ప్ నడుస్తుంటే వయొలిన్లు దాని మీద వాలాయి, చెల్లోలు కింద నుంచి మోశాయి. మూడు రోజులుగా కొట్టుకున్నవాళ్ళు ఒక్క ఇంటివాళ్ళలా వాయించారు. ఆమె మడమల కింద చెక్క పలికింది. ఎంత బాగుంటే అంత దిగులేసింది ఆమెకి. ముందేముందో తెలుసు. తీగలు మెట్లెక్కడం మొదలుపెట్టాయి. చుట్టు తిరిగింది. ఎడమ కాలు ఎత్తింది.

అన్నీ ఆగిపోయాయి.

ఊళ్ళో ఆ ఖాళీ చిన్నది. బండి చక్రం ఒక గుంటలో పడి లేచినంత. ఎవరైనా దగ్గితే నిండిపోతుంది. ఇక్కడ అంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టేసరికి అది బావి అయింది. అంచు మీద తను ఒంటికాలి మీద నిలబడి ఉంది. పైన దీపాలు గుయ్‌మనే చప్పుడు కూడా వినిపిస్తోంది. అందరూ వింటున్నారు. అతని కోసం వింటున్నారు.

ఒతీలియా ఎదురుగా ఉన్న సగాన్ని చూసింది. కొత్త చెక్క. ఈ కచేరీ కోసం ఇక్కడి వడ్రంగులు మొన్న చేసిన బల్ల. ఇంకా పచ్చిగా ఉంది, దేవదారు వాసన పోలేదు. ఊళ్ళో బల్ల మీదైతే ఆ చోట నబోర్ మడమ తొలిచిన పల్లం ఉంది. వానాకాలంలో అందులో నీళ్ళు నిలుస్తాయి. ఇక్కడ ఏమీ లేదు. ఈ చెక్కని నబోర్ ఎప్పుడూ తొక్కలేదు. ఎంతసేపు ఆగినా ఇక్కడికి రావడానికి అతనికి దారి కూడా తెలియదు.

కాలు దించింది.

ఎవరూ వాయించడం లేదు. అయినా దించింది. ఆ వెంటనే కుడికాలు. మళ్ళీ ఎడమ. నిశ్శబ్దంలో ఆమె మడమలు ఒక్కటే పలికాయి. ఖాళీ ఇంట్లో ఒక మనిషి గది నుంచి గదికి నడుస్తున్నట్టు. ఎవెరార్దో చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఆయన అద్దాల వెనక కళ్ళు ముందు భయపడ్డాయి, తర్వాత ఆమె కాళ్ళ మీదికి దిగాయి, తర్వాత ఏదో అర్థమైనట్టు రెప్ప వాల్చాయి. బ్రీహిదా ముందు కదిలింది. పెద్ద డోలు మీద మెత్తగా ఒక దెబ్బ, ఆమె అడుగు వెంట. ఎవెరార్దో చెయ్యి దిగింది. వయొలిన్లు ఒకటీ రెండూ తడబడుతూ, బస్సు కదిలిపోతుంటే పరిగెత్తి ఎక్కేవాళ్ళలా అందుకున్నాయి. తర్వాత చెల్లోలు. తర్వాత అందరూ.

ఆమె ముందు, వాళ్ళు వెనక. కాళ్ళు తనవే. ముఖం తడిసిపోయింది, చెమటో మరొకటో ఆమెకే తెలియలేదు. ఇంకో చుట్టు దూరంలో లేదు. ఈసారి ఎవరూ ఆగరు. ఆగకుండా దాటేస్తుంది.

అప్పుడు అనిపించింది, ఏదో తక్కువగా ఉందని.

ఇంత పాటలో హార్ప్ లేదు.

వీపు అటు ఉంది. చుట్టు తిరిగేదాకా చూసే వీల్లేదు. తిరిగింది. తిబుర్సియో మోకాళ్ళ మీదే ఉన్నాడు, తల ఎత్తి ఎవరినో బతిమాలుతున్నాడు. కాస్తులో లేచి నిలబడ్డాడు. హార్ప్ అతని చేతుల్లో ఉంది. కోపంగా లేడు. చిన్నప్పుడు తప్పిపోయిన మేకని వెతకడానికి అన్నతో పాటు బయలుదేరేటప్పుడు ఎలా ఉండేవాడో అలా, తొందరగా, ఒద్దికగా ఉన్నాడు.

ఆమె చూపు కలవగానే అన్నాడు. పాట హోరులో మాట వినిపించలేదు, పెదవులు కనిపించాయి.

"నువ్వు పదొదినా. నేను అన్నతో వస్తా."

పక్క తలుపు వైపు నడిచాడు. ఆర్కెస్ట్రాలో సగం మంది కాగితాల్లో తల పెట్టి వాయిస్తున్నారు. ఎవెరార్దో కళ్ళు ఆమె కాళ్ళ మీద ఉన్నాయి. చూసింది తిబుర్సియో, తనూ. తలుపు తెరుచుకుంటే బయటి వాన తెల్లగా కనిపించింది. ఆ హార్ప్ తడిస్తే తీగలు పాడైపోతాయి. రేపు సాయంత్రం ఈ వేదిక మీద ఆ హార్ప్ లేకపోతే కొంగ పాట లేదు. అదంతా తర్వాత. అతను ఎటు వెళ్తాడో, ఈ ఊళ్ళో అతనికి బస్టాండుకి తప్ప దారి తెలియదు.

"కాస్తులో!"

పిలిచాననుకుంది. ఊపిరంతా కాళ్ళలో ఉంది, గొంతులోకి రాలేదు. పిలవాలంటే ఆగాలి.

వయొలిన్ల తీగలు మెట్లెక్కుతున్నాయి. ఆమె ఎడమ కాలు పైకి లేచింది.